గాజు తొట్టిలో వరి మడి: మట్టి అక్వేరియం డైరీ

ఫిబ్రవరి 2

పాత తొట్టి ఖాళీ చేశాను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. లెక్కకు 56 లీటర్ల పైచిలుకు, గాజు మందం పోను ఇంకాస్త తక్కువ. రెండేళ్లు రంగురాళ్లలో మొక్కలు గుచ్చి, వాటికి సీసా ఎరువులు చుక్కలు చుక్కలుగా పోసి, వేళ్ల దగ్గర ఎరువు గోలీలు పాతి, చివరికి పసుపు పచ్చని ఆకులు చూస్తూ కూర్చున్నాను. రాళ్లలో తిండి ఉండదు, పోసిన ఎరువు నాచు తింటుంది. అందుకే ఈసారి రాళ్లకు బదులు నేరుగా మట్టి. దీనికి అమెరికా ఆవిడ డయానా వాల్‌స్టాడ్ పేరు మీద వాల్‌స్టాడ్ పద్ధతి అని పేరుంది. అడుగున అంగుళం మట్టి, పైన అంగుళం ఇసుక, మొదటి రోజే తొట్టి నిండా మొక్కలు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లేదు.

బాపుకు ఫోన్ చేసి మట్టి కావాలన్నాను. జనగామ దగ్గర మాది చెల్క భూమి, అంటే ఎర్రటి ఇసుక నేల.

"చాపల తొట్టిల మట్టి పోస్తవా? ఏం పుట్టిందిరా నీకు?" అన్నాడు. కాసేపాగి, "చేను మట్టి వద్దు, మందులు కొట్టినం. గెట్టు మీద యాపచెట్టు కింద తీస్త" అన్నాడు. అది నాకు తట్టని మాట.

ఫిబ్రవరి 5

మూడు మట్టులు, మూడు లీటరు సీసాలు. ఒక్కోదాంట్లో మూడో వంతు మట్టి వేసి, మిగతా నీళ్లు పోసి, మూత బిగించి గట్టిగా కుదిపి కిటికీలో పెట్టాను.

మొదటిది నర్సరీలో కొన్న కుండీ మట్టి. పెట్టిన నిమిషానికే సగం పైకి తేలింది, అంతా కొబ్బరి పొట్టు. రెండోది చెరువు పూడిక మట్టి. మిషన్ కాకతీయ రోజుల్లో ట్రాక్టర్ల కొద్దీ తెచ్చి చెల్కల్లో పోసుకున్న నల్లమట్టి, బాపు ఒక మూలన ఇంకా కుప్పగా ఉంచాడు. చేనుకు బంగారమే. సీసాలో మాత్రం నీళ్లు మూడో రోజుకు కూడా తేటపడలేదు, అంత జిగురు. పైగా వెనిగర్ చుక్క వేస్తే బుసబుసా పొంగింది, అంటే సున్నం ఉంది. మన కుళాయి నీళ్లే గట్టి నీళ్లు, వాటికి ఇంకా సున్నం దేనికి?

మూడోది బాపు పంపిన ఎర్రమట్టి. నిమిషంలో ఇసుక దిగింది, గంటల్లో దాని మీద మెత్తటి పొర, మర్నాటికి పైన సన్నని ఎర్రటి జిగట. దాదాపు మూడింట రెండు వంతులు ఇసుకే. వెనిగర్‌కు ఉలుకూ పలుకూ లేదు. ఇదే ఖాయం.

ఫిబ్రవరి 8 నుంచి 20

ఈ పన్నెండు రోజుల పని ఒక్కటే: నానబెట్టడం, తేలిన ఆకూ పుల్లా పారబోయడం, డాబా మీద టార్పాలిన్ పరిచి ఎండబెట్టడం, గడ్డలు చిదిమి జల్లెడ పట్టడం, మళ్లీ నానబెట్టడం. నాలుగు సార్లు తిప్పాను. తడిసి ఆరిన ప్రతిసారీ మట్టిలోని కుళ్లే సరుకు కొంత ముందే కుళ్లిపోతుంది, కరిగే ఉప్పు కొంత నీళ్లతో పోతుంది. తొట్టిలో జరిగే రచ్చలో సగం డాబా మీదే అయిపోవాలన్నది లెక్క. మొదటి వాయి నీళ్లు టీ డికాక్షన్‌లా వచ్చాయి, నాలుగో వాయి పలచని మజ్జిగ తేటలా. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రోజూ వచ్చి చూసి ఏమీ అడక్కుండా వెళ్లేవాడు. అడిగితే బాగుండేది.

ఇక్కడే ఒక తప్పు చేశాను. చెల్క మట్టిలో సత్తువ చాలదేమోనని రెండు దోసిళ్ల వర్మికంపోస్టు కలిపాను. బాపుకు చెబితే, "పెంట ఎక్కువైతే మడిలనే పైరు మాడుతది, గంత చిన్న తొట్టిల ఎందుకురా" అన్నాడు. అప్పటికే కలిపేశాను కదా, తీయడం ఎలా అని ఊరుకున్నాను.

ఫిబ్రవరి 23, 1వ రోజు

తొట్టి నింపాను. అడుగున రెండున్నర సెంటీమీటర్ల మట్టి, లెక్కకు నాలుగున్నర లీటర్లు. పొడిగా పోస్తే లోపల గాలి బుడగలు చిక్కుకుంటాయని ముందే నీళ్లు కలిపి దోసెపిండి జారుగా చేసి, అరచేత్తో అణిచి సాపు చేశాను. ముందు అద్దం దగ్గర రెండు వేళ్ల మందం మట్టి లేకుండా వదిలి ఇసుకతో నింపాను, చూడ్డానికి నీటుగా ఉంటుంది. ఎడమ పక్క అద్దానికి మాత్రం మట్టిని ఆనించే ఉంచాను. లోపల ఏమవుతుందో చూడాలని కిటికీ అన్నమాట. ఈ ప్రాజెక్టులో నేను చేసిన మంచి పని ఇదొక్కటే అని తర్వాత తెలిసింది.

పైపొరకు ఇసుక వెతకడం ఓ కథ. ఇప్పుడు కట్టుబడికి వాడేది ఎక్కువగా రోబో శాండ్, అంటే పిండి చేసిన రాయి. దాని అంచులు పదును, దుమ్ము ఎంత కడిగినా తగ్గదు. చివరికి నీళ్ల శుద్ధి ట్యాంకుల్లో వాడే ఫిల్టర్ శాండ్ దొరికింది, ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల రవ్వ. అంతకన్నా సన్నమైతే బిగుసుకుని గాలి ఆడదు, లావైతే సందుల్లోంచి మట్టి పైకొస్తుంది. ఎనిమిది కిలోలు, ఎనిమిది నీళ్లు కడిగాను, బియ్యం కడిగినట్టే. మూడు సెంటీమీటర్ల మందం పరిచాను. వెనక ఎడమ మూల అందానికి కాస్త గుట్టలా ఎత్తు చేశాను. ఈ మూలను గుర్తుపెట్టుకోండి.

మొక్కలు: వెనక వాలిస్నేరియా, పక్కల హైగ్రోఫిలా, నడుమ బకోపా, ముందు రెండు క్రిప్టోకొరైన్లు, ఒక అమెజాన్ స్వోర్డ్, నీళ్ల మీద నాలుగు అంతరతామరలు. దుకాణంలో "నీటి మొక్కే అన్నా" అని ఇంకొకటి అంటగట్టారు. ఇంటికొచ్చి చూస్తే అది లక్కీ బాంబూ, నీళ్లలో పూర్తిగా మునిగితే కుళ్లుతుంది. అది ఇప్పుడు కిచెన్ కిటికీలో గ్లాసులో ఉంది.

నీళ్లు స్టీలు పళ్లెం మీద సన్నని ధారగా పోశాను, గంటంబావు పట్టింది. ఒక్క చోట కూడా మట్టి లేవలేదు. చేతులు నొప్పి పుట్టాయి.

3వ రోజు

నీళ్లు పలచని టీ రంగు. అమోనియా పరీక్ష చుక్కలు వేస్తే పసుపు రావాల్సింది ఆకుపచ్చ వచ్చింది, లీటరుకు 2 మిల్లీగ్రాములు. మట్టిలో సరుకు కుళ్లితే అమోనియా పుడుతుంది, అనుకున్నదే.

9వ రోజు

అనుకున్నది కాదు. 4 దాటి ముదురు ఆకుపచ్చ. వర్మికంపోస్టు చలవ. కుళాయి నీళ్ల పీహెచ్ 7.8 ఉంది. అమోనియాలో విషపు భాగం పీహెచ్ ఒక అంకె పెరిగితే దాదాపు పది రెట్లవుతుంది, వేడికి ఇంకా పెరుగుతుంది. చేపలు లేవు కాబట్టి బతికిపోయాను. సగం నీళ్లు మార్చాను. రాత్రంతా బకెట్లలో నిలవబెట్టి క్లోరిన్ పోయిన నీళ్లే పోశాను. రోజు విడిచి రోజు ఇదే పని. మా చిన్నది రోజూ "చేపలేవి డాడీ?" అంటోంది. మట్టి చూపిస్తే దానికి నచ్చడం లేదు.

17వ రోజు

వాలిస్నేరియా పాత ఆకులు గాజు కాగితాల్లా కరిగిపోయాయి, క్రిప్టోలు మొదలంటా పోయాయి. కొత్త నీళ్లలో పడిన క్రిప్టో కరగడం మామూలే, వేరు బతికే ఉంటుందని తెలుసు. తెలిసినా బాధే. హైగ్రోఫిలా మాత్రం రోజుకో కణుపు ఎత్తుకుంటోంది. లైటు అయిదు గంటలు, మధ్యాహ్నం నాలుగు గంటలు ఆపి, మళ్లీ అయిదు గంటలు వేస్తున్నాను. పొద్దున మొక్కలు తినేసిన కార్బన్ డయాక్సైడ్‌ను ఆ విరామంలో మట్టి మళ్లీ ఊరిస్తుంది. మట్టి కుళ్లడమే ఇక్కడ సిలిండర్.

28వ రోజు

అమోనియా 0.5. నైట్రైట్ గొట్టం మాత్రం ఊదా రంగు. అమోనియాను నైట్రైట్‌గా మార్చే సూక్ష్మజీవులు పనిలోకి దిగాయి, దాన్ని నైట్రేట్ చేసే రెండో జట్టు ఇంకా నిద్ర లేవలేదు. ఆగాలి.

36వ రోజు, ఉగాది

ఊళ్లో ఉన్నాను. పచ్చడి తాగి బాపుతో పొలం కాడికి వెళ్లాను, యాసంగి వరి పాలు పోసుకునే దశలో ఉంది. గట్టు మీద నుంచి కర్రతో మడిలో పొడిచాడు. బుడబుడా బుగ్గలొచ్చాయి. "నీ తొట్టిల గిట్ల రావట్లేదా?" అన్నాడు. వస్తున్నాయన్నాను. "వాసన సూడు. వాసన లేకపోతే రంది పడకు."

మడిలో నీళ్లు నిలిస్తే ఒకట్రెండు రోజుల్లో మట్టిలోని ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు సూక్ష్మజీవులు ఊపిరికి వేరే దారి పడతాయి. ముందు నైట్రేట్‌ను, తర్వాత మాంగనీసును, తర్వాత ఇనుప తుప్పును, ఆపైన సల్ఫేట్‌ను వాడుకుంటాయి, చివరికి మీథేన్ పుడుతుంది. ఎర్రమట్టి ఎరుపంతా ఇనుప తుప్పే. ఆ తుప్పు విడితే ఇనుము కరిగే రూపంలోకి వస్తుంది, దాన్ని పట్టుకుని ఉన్న భాస్వరం కూడా వేరుకు దొరుకుతుంది. నేను రెండేళ్లు సీసాల్లో కొన్నది ఇదే ఇనుము. సల్ఫేట్ వంతు వచ్చినప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, అది వేళ్లకు విషం. ఇనుము దండిగా ఉంటే దాన్ని పట్టేసి నల్లటి ఐరన్ సల్ఫైడ్‌గా మార్చేస్తుంది. ఇనుము కరువైన మళ్లల్లో ఆ విషానికి వేళ్లు కుళ్లి పంట చివర్లో డీలా పడుతుంది. జపాన్ వాళ్లు దానికి అకియోచి అని పేరే పెట్టుకున్నారు. చెల్క మట్టి ఎంచుకోవడం నా తెలివి కాదు, మా భూమి అదే కాబట్టి అదే వచ్చింది.

43వ రోజు

అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 10. వరసగా మూడు రోజులు అవే అంకెలు. ఆరు గప్పీలు దించాను. గట్టి నీళ్లు వాటికి పడతాయి. వాటితో పాటు పన్నెండు మలేషియన్ ట్రంపెట్ నత్తలు, సన్నగా, మొనదేలిన శంకుల్లాంటివి. పగలు ఇసుకలో దూరి తిరుగుతూ దున్నుతాయి, రాత్రి పైకొస్తాయి. మా చిన్నది గప్పీలకు పేర్లు పెట్టింది, నత్తలకు పెట్టలేదు.

66వ రోజు

మధ్యాహ్నం రెండింటికి తొట్టి నీళ్లు 33.5 డిగ్రీలు. నీరు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ తక్కువ పడుతుంది, అదే వేడికి మట్టిలో కుళ్లడం జోరందుకుంటుంది. రెండు పక్కలా దెబ్బ. పాత కంప్యూటర్ ఫ్యాన్‌ను నీళ్ల మీదకు వంచి కట్టాను, రెండున్నర డిగ్రీలు దిగింది. బదులుగా రోజుకు లీటరున్నర ఆవిరి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు తొట్టిలోనే ఉంటాయి. కుళాయి నీళ్లతోనే నింపుతూ పోతే టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత, 310 నుంచి 460కి ఎక్కింది. ఇప్పుడు తగ్గిన నీళ్లకు తాగే ఆర్వో నీళ్లు పోస్తున్నాను, ఆ మిషన్ పారబోసే నీళ్లు కాదు సుమా.

71వ రోజు

పొద్దున లేచేసరికి వెనక ఎడమ మూల వాలిస్నేరియాలు మూడు పైకి తేలి ఉన్నాయి. వేళ్లు లేవు, ఉన్నచోట నల్లటి పీచు. చీపురు పుల్ల గుచ్చాను. పెద్ద బుడగ లేచి పగిలింది, గది నిండా కుళ్లిన గుడ్డు. మా ఆవిడ వంటింట్లోంచి "గ్యాస్ లీకవుతోందా?" అని పరిగెత్తుకొచ్చింది.

అందానికి గుట్ట చేసిన మూల అది. కొలిచి చూస్తే ఇసుక ఏడు సెంటీమీటర్లు. కింద వర్మికంపోస్టు కూడా ఆ పక్కకే ఎక్కువ పడినట్టుంది. మందంగా ఇసుక, కింద పుష్టిగా పెంట, పైన ఎండాకాలం. అక్కడ ఇంకేం జరుగుతుంది? పైపుతో ఇసుకను లాగి మూడు సెంటీమీటర్లకు తెచ్చాను. పుల్లతో అంగుళానికో పోటు, నెమ్మదిగా, రోజుకు కొంచెం కొంచెం చొప్పున నాలుగు రోజులు. ఒక్కసారే పొడిస్తే ఆ గ్యాసంతా నీళ్లలోకి వచ్చి చేపలను పట్టుకుంటుందని భయం. ఎయిర్ పంపు రాత్రీ పగలూ నడిచింది. ఆక్సిజన్ ఉన్న నీళ్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువసేపు నిలవదు. గప్పీలన్నీ క్షేమం.

ఆ ఖాళీలో హైగ్రోఫిలా ముక్కలు గుచ్చాను, అది ఎక్కడైనా బతుకుతుంది.

82వ రోజు

బాపు కంటి పరీక్షకు పట్నం వచ్చాడు. చెప్పులు విడిచి నేరుగా తొట్టి దగ్గరికే వెళ్లాడు. చేపలను చూడలేదు. ఎడమ అద్దం ముందు కూలబడి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కు గాజుకు ఆనించాడు.

"మట్టి రంగు మారింది."

నిజమే. నేను పోసింది ఇటుక పొడి రంగు. ఇప్పుడది బూడిద రంగు, అక్కడక్కడ నీలి ఛాయ. పైన ఇసుకను ఆనుకున్న అరంగుళం కన్నా తక్కువ మందంలో మాత్రం ఎరుపు మిగిలింది. ఆ బూడిదలో వాలిస్నేరియా వేళ్లు తెల్లగా దిగి ఉన్నాయి. ఒక్కో వేరు చుట్టూ, దారానికి పసుపు పూసినట్టు, నారింజ రంగు గీత. ఇన్నాళ్లూ అవి మట్టి మరకలనుకున్నాను.

"గిది వరి వేరు లెక్కనే ఉంది కదరా" అన్నాడు. "మంచి పైరు పీకితే వేరు ఎర్రగ తుప్పు పట్టినట్టుంటది. నల్లగొస్తే కత ఒడిసినట్టే."

ఆకు చేసిన ఆక్సిజన్‌ను ఈ మొక్కలు కాండంలోని గొట్టాల వెంట కిందికి, వేరు దాకా పంపుతాయి. అది వేరు చర్మం దాటి బయటికి కారితే, చుట్టుపక్కల కరిగి ఉన్న ఇనుము మళ్లీ తుప్పు పట్టి వేరుకు ఒరలా అంటుకుంటుంది. వరి చేసేదీ అదే. ఈ మాట చదివి తెలుసు నాకు. కానీ చదివింది అద్దం అవతల కనబడుతోందని బాపు చూపిస్తే గానీ తెలియలేదు. ఎడమ మూలలో గుట్ట చోటుకు వేలు చూపించాడు. అక్కడ మట్టి బొగ్గులా నలుపు, నారింజ గీత ఒక్కటీ లేదు. "గీడ నాటేసినవా?" అన్నాడు. వేశానని చెప్పాను. "ఇంక దగ్గర దగ్గర ఎయ్యి."

97వ రోజు

ఇంకో తెలివితక్కువ పని. అమెజాన్ స్వోర్డ్ పెద్దదై బకోపాకు వెలుతురు అడ్డుతోందని పట్టుకుని లాగాను. మూడు నెలల్లో దాని వేళ్లు తొట్టి సగం దాకా పాకాయి, దాంతో పాటు గుప్పెడు బూడిద మట్టి లేచి నీళ్లన్నీ బురద. పది నిమిషాల్లో చేపలు కనిపించకుండా పోయాయి. సగం నీళ్లు మార్చి, ఫిల్టర్ గొట్టానికి పాత చున్నీ గుడ్డ చుట్టి ఓ రాత్రి నడిపితే తేరుకుంది. మట్టి తొట్టిలో పెద్ద మొక్కను పీకకూడదు. మొదలు దగ్గర కత్తిరించి వేళ్లను లోపలే వదిలేయాలి, అవి అక్కడే ఎరువవుతాయి. ఇది నాకు తెలియని సంగతేం కాదు. ఆదివారం, చేతులు ఊరుకోవు.

118వ రోజు

వానలు మొదలయ్యాయి, తొట్టి 28 డిగ్రీలు. ఫ్యాన్ తీసేశాను. నాచు గురించి రాయలేదని ఇప్పుడు గుర్తొచ్చింది. ఏప్రిల్‌లో అద్దాల మీద జుట్టు నాచు కొంత పట్టింది, అంతరతామరలు పైన సగం కప్పేసరికి అదే సన్నగిల్లింది. అంతకు మించి చెప్పడానికేం లేదు. ఇప్పుడు వారానికోసారి అంతరతామరలనే దోసెడు తీసి కుండీల్లో వేస్తున్నాను.

గప్పీలు ఆరు కాస్తా ఎన్నో లెక్క తేలడం లేదు. నైట్రేట్ 5. జూన్‌లో నీళ్లు మార్చింది ఒక్కసారే. ఎరువు సీసా బీరువా వెనక పడి ఉంది.

141వ రోజు

నల్ల మూలలో హైగ్రోఫిలాల పక్కన దగ్గర దగ్గరగా పదిహేను వాలిస్నేరియా పిలకలు గుచ్చి ఆరు వారాలు దాటింది. టార్చి పట్టుకుని అద్దం దగ్గర కూర్చున్నాను. నలుపు పోలేదు, కానీ ముక్కలైంది. మధ్యలో బూడిద రంగు చారలు, వాటి నడుమ మూడు చోట్ల నారింజ గీతలు. పుల్ల గుచ్చితే సన్న బుడగలు నాలుగు లేచాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను, వాసన లేదు. పుల్లకు మాత్రం రెండు నత్తలు అంటుకొచ్చాయి.

నియమం తప్పి ఒక్క పిలకను మెల్లగా పీకాను, చిన్నదే కాబట్టి మట్టి పెద్దగా లేవలేదు. వేరు కొస తెలుపు, పైన రెండంగుళాల మేర తుప్పు రంగు. ఫోటో తీసి బాపుకు పంపాను. సాయంత్రం ఫోన్ వచ్చింది. నాట్లకు మడి దమ్ము చేస్తున్నారట, ట్రాక్టర్ చప్పుడులో సగం మాటలు వినబడలేదు. "మంచిగుంది, మళ్ల పెట్టెయ్యి" అన్నది మాత్రం వినబడింది. పిలకను పట్టకారుతో అదే గుంతలో దింపి, పైన రెండు చెంచాల ఇసుక వేశాను.